చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

పాతకాలపు కిరాణా కొట్టులో షావుకారు దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. సరుకు అమ్మినా, అప్పిచ్చినా, బాకీ వసూలైనా ముందుగా చిట్టాలో ఒక పద్దు పడేది. జరిగింది జరిగినట్టు, జరిగిన వరసలోనే రాసుకుపోవడం చిట్టా పని. తర్వాత గుమాస్తా తీరిగ్గా కూర్చుని ఆ పద్దులన్నిటినీ ఆవర్జాకి ఎక్కించేవాడు. ఆవర్జాలో ఒక్కొక్కరి ఖాతాకి ఒక్కొక్క పుట. రామయ్య బాకీ ఎంత అని ఎవరైనా అడిగితే ఆవర్జాలో రామయ్య పుట తీస్తే చాలు.

గుమాస్తా ఆవర్జా రాస్తుండగా దీపం ఆరిపోయి, రాత మధ్యలో ఆగిపోయిందనుకోండి. కొన్ని పద్దులు ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు. లెక్కలు పోయినట్టేనా? కాదు. చిట్టా ఉంది గదా! దాన్ని మొదటినుంచి చదువుకుంటూ ఆవర్జాను సరిచేసుకోవచ్చు.

ఈనాడు బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, పరీక్ష మార్కులు కంప్యూటర్లలో ఉంటున్నాయి. ఇలాంటి సమాచారాన్ని ఒక పద్ధతిలో దాచిపెట్టి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే ఏర్పాటును డేటాబేస్ అంటారు. డేటాబేస్‌కు రెండు పెద్ద బాధ్యతలున్నాయి. అడిగినదాన్ని త్వరగా వెతికి ఇవ్వాలి. ఎప్పుడు కరెంటు పోయినా ఇచ్చిన మాట తప్పకూడదు. ఈ రెండూ ఒకదానితో ఒకటి పేచీ పడితే ఏమవుతుంది? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అదే జరిగింది. ఆ చిక్కు విడిపోవడానికి పదిహేనేళ్ళు పట్టింది.

పోస్ట్‌గ్రెస్ కథ

అమెరికాలోని బర్కిలీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనే ఆచార్యులు 1970లలో ఇంగ్రెస్ అనే డేటాబేస్‌ను తయారుచేశారు. 1986లో స్టోన్‌బ్రేకర్ మరో కొత్తదానికి పూనుకున్నాడు. ఇంగ్రెస్ తర్వాత వచ్చింది కాబట్టి దానికి పోస్ట్‌గ్రెస్ అని పేరు పెట్టాడు.

దాని వెనక ఒక మంచి ఆలోచన ఉంది. అప్పటి డేటాబేస్‌లకు అంకెలు, అక్షరాలు, తేదీలు మాత్రమే తెలుసు. పటం మీద చోట్లు, ఆకారాలు వంటివి ఇస్తే వాటికి అర్థమయ్యేవి కావు. రేపు ఎవరికి ఏ రకం సమాచారం కావలసి వస్తుందో ఈరోజే ఎవరు చెప్పగలరు? అందుకని కొత్త రకాలను, వాటిని వెతికే కొత్త పద్ధతులను వాడుకునేవారే చేర్చుకునే వీలు ఉండాలని స్టోన్‌బ్రేకర్ భావించాడు.

1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు బర్కిలీ విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాష నేర్పారు. 1996లో దాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. అప్పటినుంచి దాన్ని పోషిస్తున్నది ఒక కంపెనీ కాదు, అనేక దేశాల్లో ఉన్న ప్రోగ్రామర్లు. దాని మూల ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పైసా చెల్లించకుండా వాడుకోవచ్చు. స్టోన్‌బ్రేకర్‌కు కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి 2014 సంవత్సరానికి లభించింది.

తొంభై రెండు రోజుల వెతుకులాట

మీ ముందు 80 లక్షల చీటీలున్నాయి. ఒక్కొక్కదాని మీద ఒక పేరు. ఏ వరసా లేదు. ఒక పేరును వెతకాలి. సెకనుకు ఒక చీటీ చొప్పున, నిద్రాహారాలు మాని చూసినా అన్నీ చూడడానికి 92 రోజులు దాటుతుంది!

మరి నిఘంటువులో మాట వెతకడానికి మీకు నిమిషం కూడా పట్టదేం? అక్షరక్రమం ఉంది కనుక. కంప్యూటర్ కూడా ఇదే పని చేస్తుంది. సమాచారాన్ని ఎలా ఉన్నదాన్ని అలా ఉంచి, దాని పక్కన వరసగా పేర్చిన ఒక సూచికను తయారుచేసుకుంటుంది. దాన్నే ఇండెక్స్ అంటారు.

వీటిలో పేరుపడింది బి-ట్రీ అనే సూచిక. 1970లో బోయింగ్ కంపెనీ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ దీన్ని కనిపెట్టారు. తలకిందులుగా నిలబెట్టిన చెట్టును ఊహించుకోండి. పైన ఒకే పుట. అందులో, “అ నుంచి క వరకు ఆ పుటలో, ఖ నుంచి త వరకు ఈ పుటలో” అని దారి చూపే గుర్తులుంటాయి. ఒక పుటలో 200 గుర్తులు పడతాయనుకుందాం. రెండో అంతస్తులో 200 పుటలు. మూడో అంతస్తులో 200 × 200, అంటే 40,000 పుటలు. ఒక్కొక్క దానిలో 200 పేర్లు. మొత్తం 80 లక్షల పేర్లు! వాటిలో ఏ పేరు కావలసినా మూడు పుటలు తిరగేస్తే సరి. ఇంకొక్క అంతస్తు కట్టారంటే 160 కోట్ల పేర్లు పడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఒక పుట పరిమాణం 8 కిలోబైట్లు, అంటే 8,192 బైట్లు.

వరసలో నిలబడనివి

బి-ట్రీ గొప్పదే. కాని అది వరసలో నిలబడగలిగేవాటికే పనికివస్తుంది. అంకెలకు ముందు వెనకలున్నాయి. పేర్లకు అక్షరక్రమం ఉంది. మరి పటం మీద ఊళ్ళ మాటేమిటి? విజయవాడ “పెద్దదా”, వరంగల్లు “పెద్దదా”? జనాభాను బట్టి చెప్పవచ్చు గాని, వాటి స్థానాలను బట్టి చెప్పలేము. “ఇక్కడికి 10 కిలోమీటర్ల లోపల ఉన్న ఆసుపత్రులు ఏవి?” అని అడిగితే బి-ట్రీ తెల్లమొహం వేస్తుంది.

1984లో బర్కిలీలోనే ఆంటొనిన్ గట్‌మన్ దీనికొక ఉపాయం చెప్పాడు. దగ్గర దగ్గరగా ఉన్నవాటి చుట్టూ ఒక పెట్టె గీయండి. అలాంటి కొన్ని పెట్టెల చుట్టూ మరో పెద్ద పెట్టె గీయండి. రాష్ట్రంలో జిల్లాలు, జిల్లాలో మండలాలు, మండలంలో ఊళ్ళు ఉన్నట్టే. మీరు వెతికే చోటు ఒక పెద్ద పెట్టెకు అవతల ఉంటే, ఆ పెట్టె లోపలికి తొంగిచూడనక్కరలేదు. దీన్ని ఆర్-ట్రీ అన్నారు.

తర్వాత సంగీతానికి ఒకటి, బొమ్మలకు ఒకటి, రసాయన అణువులకు ఒకటి కావాలంటే? ప్రతిదానికీ కొత్త చెట్టును వేరునుంచి కట్టుకోవాలా? 1995లో జోసెఫ్ హెలర్‌స్టీన్, జెఫ్రీ నాటన్, ఆవి ఫెఫర్ ఒక సంగతి గమనించారు. ఈ చెట్లన్నిటికీ కాండం ఒకటే, ఆకులే వేరు! కాబట్టి కాండాన్ని ఒకసారి కట్టి పెట్టుకుంటే, కొత్త రకం సమాచారం తెచ్చేవారు కొద్ది ప్రశ్నలకు జవాబు చెబితే చాలు. ఈ కొమ్మ కింద మనకు కావలసింది ఉండే అవకాశముందా? వీటన్నిటినీ కలిపి చుట్టుకునే గుర్తు ఏది? కొత్తదాన్ని ఈ కొమ్మలో పెడితే గుర్తు ఎంత సాగుతుంది? పుట నిండితే దాన్ని రెండుగా ఎలా పంచాలి? రెండు గుర్తులు ఒకటేనా? అంతే! ఈ ఉమ్మడి చెట్టు పేరు జిస్ట్.

పోస్ట్‌గ్రెస్‌లో జిస్ట్‌ను పెంచి పెద్దచేసినవారిలో ఒలెగ్ బార్తునోవ్, తియోదోర్ సిగయెవ్ అనే ఇద్దరు రష్యన్లు ముఖ్యులు. బార్తునోవ్ మాస్కో విశ్వవిద్యాలయానికి చెందిన స్టెర్న్‌బర్గ్ ఖగోళ సంస్థలో శాస్త్రజ్ఞుడు. 2006లో వీరు జిన్ అనే మరో సూచికను చేర్చారు. పాఠ్యపుస్తకం చివర “ఈ పదం ఏయే పుటల్లో ఉంది” అని చెప్పే పదసూచిక ఉంటుంది చూశారా? జిన్ అలాంటిదే.

దీపం ఆరితే

ఇక రెండో బాధ్యత చూద్దాం. కంప్యూటర్ మెమరీలో ఉన్నది కరెంటు పోతే చెరిగిపోతుంది. డిస్కు మీద ఉన్నది నిలుస్తుంది. కాని డిస్కు నిదానం. అందుకని డేటాబేస్ పుటలను మెమరీలోకి తెచ్చుకుని, అక్కడ మార్చి, వీలు చూసుకుని డిస్కు మీదికి చేరుస్తుంది. ఆ “వీలు” చిక్కేలోగా కరెంటు పోతే?

మొదటి పోస్ట్‌గ్రెస్‌లో చిట్టా లేదు. పాత పద్దును చెరపకుండా కొత్తదాన్ని పక్కనే రాసేవారు. ఒక లావాదేవీ పూర్తయిందని చెప్పాలంటే, అది తాకిన పుటలన్నిటినీ అప్పటికప్పుడు డిస్కుకి పంపాలి. నాలుగు మూలల్లో ఉన్న పుటలను ప్రతిసారీ రాయాలంటే ఆలస్యం. పైగా సూచికల విషయంలో అది కూడా చాలలేదు. బి-ట్రీలో నిండిన పుట రెండుగా చీలేటప్పుడు పాత పుట, కొత్త పుట, పైన దారి చూపే పుట మూడూ మారాలి. రెండు రాశాక కరెంటు పోయిందంటే చెట్టు కొమ్మ విరిగినట్టే.

2001లో వచ్చిన 7.1 సంచికలో వాదిమ్ మిఖెయెవ్ అనే ప్రోగ్రామర్ కృషి వల్ల పోస్ట్‌గ్రెస్‌కు చిట్టా వచ్చింది. ఈ పద్ధతిని రైట్ అహెడ్ లాగింగ్ అంటారు. “ముందు చిట్టా” అన్న మాట. దాని నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఏ మార్పు అయినా, దాని పద్దు చిట్టాలో ఎక్కి డిస్కు మీద భద్రపడేవరకు, ఆ మార్పు ఉన్న పుట డిస్కు మీదికి వెళ్ళరాదు. చిట్టా ఒకే వరసలో సాగుతుంది కనుక రాయడం తేలిక. “మీ డబ్బు జమ అయింది” అని చెప్పడానికి చిట్టా డిస్కుకి చేరితే చాలు. ఆవర్జా పుటలు తర్వాత నింపాదిగా చేరవచ్చు.

మళ్ళీ కరెంటు వచ్చాక డేటాబేస్ చిట్టా చదవడం మొదలుపెడుతుంది. ఇక్కడ ఒక ప్రమాదముంది. “రామయ్య ఖాతాకి 50 రూపాయలు కలుపు” అన్న పద్దు ఇంతకుముందే పుటకు ఎక్కి ఉంటే? మళ్ళీ ఎక్కిస్తే రామయ్యకు 100 రూపాయలు వస్తాయి! అందుకని ప్రతి పుట నెత్తిన ఒక సంఖ్య రాసి ఉంటుంది. ఈ పుటకు చిట్టాలో ఎంతవరకు ఎక్కిందో అది చెబుతుంది. చిట్టాలో పద్దు 412వది, పుట మీద సంఖ్య 410 అయితే ఎక్కించాలి. పుట మీద 415 ఉంటే వదిలెయ్యాలి. ఎంత చిన్న ఉపాయమో చూశారా!

చిట్టాను పుట్టిననాటి నుంచి చదవాలంటే రోజులు పడుతుంది. అందుకని మధ్యమధ్య మజిలీలుంటాయి. మజిలీ దగ్గర అప్పటిదాకా మారిన పుటలన్నిటినీ డిస్కుకి చేరుస్తారు. తర్వాత కూలిపోతే ఆఖరి మజిలీ నుంచి చదివితే సరిపోతుంది. మార్చకుండా వదిలేస్తే పోస్ట్‌గ్రెస్ ప్రతి 5 నిమిషాలకు ఒక మజిలీ వేస్తుంది. చిట్టా మరీ పెరిగిపోతే ఇంకా ముందే వేస్తుంది.

కూలిపోయిన డేటాబేస్‌ను లేపి నిలబెట్టే పద్ధతులను సమగ్రంగా వివరించి, 1992లో ఐబీఎం శాస్త్రజ్ఞులు ఏరీస్ అనే పేరుతో ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో ప్రముఖుడు సి. మోహన్ మద్రాసు ఐఐటీలో చదువుకున్నవాడు.

చిరిగిన పుట, నమ్మరాని మాట

డిస్కు 8 కిలోబైట్ల పుటను ఒకే దెబ్బకు రాయదు, చిన్న చిన్న ముక్కలుగా రాస్తుంది. సగం ముక్కలు రాశాక కరెంటు పోతే, పై సగం కొత్తది, కింది సగం పాతది అవుతుంది. అలాంటి చిరిగిన పుట మీద పద్దు ఎక్కించి లాభం లేదు. కాబట్టి మజిలీ తర్వాత ఒక పుట మొదటిసారి మారినప్పుడు, మార్పును మాత్రమే కాక ఆ పుట మొత్తాన్ని చిట్టాలో నకలు తీసి పెడతారు. పుట చిరిగితే నకలుతో అతుకు వేయకుండా పూర్తిగా మార్చేస్తారన్న మాట.

చిట్టాయే మధ్యలో తెగితే? ప్రతి పద్దులోనూ సరిచూసుకునే ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క కుదరని చోట చిట్టా అయిపోయిందని డేటాబేస్ గ్రహిస్తుంది.

2018లో మరో విచిత్రం బయటపడింది. “ఇది డిస్కు మీద భద్రంగా చేరిందా?” అని డేటాబేస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. ఒక్కొక్కసారి “చేరలేదు, పొరపాటు జరిగింది” అని జవాబు వచ్చేది. మళ్ళీ అడిగితే “చేరింది” అని వచ్చేది. కాని నిజానికి అది చేరలేదు! మొదటిసారి విఫలం కాగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పుటను రాయవలసినవాటి జాబితాలోంచి తీసేస్తోంది. ఇది తెలిశాక 2019 నుంచి పోస్ట్‌గ్రెస్ తన తీరు మార్చుకుంది. ఒక్కసారి “చేరలేదు” అన్న జవాబు వచ్చిందంటే మళ్ళీ అడగదు. కావాలనే తానే కూలబడి, చిట్టా చదువుకుని లేస్తుంది. అనుమానంతో నడవడం కంటే పడి లేవడమే క్షేమం అన్నమాట.

సూచిక అబద్ధమాడితే

ఇప్పుడు పేచీ దగ్గరికి వచ్చాం. చిట్టాలో పద్దు రాయడమే కాదు, కూలిన తర్వాత ఆ పద్దును చదివి పుటకు ఎక్కించగలగాలి కూడా. బి-ట్రీ పద్దులను బి-ట్రీ తెలిసిన ప్రోగ్రామే చదవగలదు. ఇలా చదివేవారి జాబితా పోస్ట్‌గ్రెస్ లోపలే బిగించి ఉండేది. బయటివారు తెచ్చిన సూచికకు అందులో చోటు లేదు. చోటు లేకపోతే చిట్టా లేదు. చిట్టా లేకపోతే కూలినప్పుడు దిక్కు లేదు. ఎవరైనా కొత్త పద్ధతి చేర్చవచ్చన్న 1986 నాటి ఆశకు, 2001లో వచ్చిన చిట్టాయే అడ్డుగోడ అయింది!

లోపల ఉన్నవాటికి కూడా ఒక్కొక్కదానికే చిట్టా అమరింది. జిస్ట్‌కు 2005లో, 8.1 సంచికలో బార్తునోవ్, సిగయెవ్ అమర్చారు. హాష్ అనే సూచిక మాత్రం 2017 వరకు చిట్టా లేకుండానే ఉంది. కూలిపోయిన తర్వాత దాన్ని మళ్ళీ మొదటినుంచి కట్టుకోవలసి రావచ్చని పోస్ట్‌గ్రెస్ పత్రాలే హెచ్చరించేవి. అంతేకాదు, చిట్టాను తీగల మీదుగా మరో కంప్యూటర్‌కు పంపి, అక్కడ ఇంకో ఆవర్జాను సిద్ధంగా ఉంచుతారు. చిట్టాలో లేని సూచిక ఆ రెండో కంప్యూటర్‌లో పనికిరాదు.

పుట చిరిగితే కనీసం కంటికి కనబడుతుంది. సూచిక చెడితే అలా కాదు. రామయ్య ఖాతా ఉండి కూడా “ఆ పేరుతో ఖాతా లేదు” అని నెమ్మదిగా జవాబు చెబుతుంది. ఎవరికీ అనుమానం రాదు. ఇంతకన్నా ప్రమాదమేముంటుంది? 2017లో వచ్చిన 10వ సంచికలో హాష్ సూచికకు చిట్టా అమర్చి ఈ లోటు తీర్చినవాడు మన దేశపు ఇంజినీరు అమిత్ కపిల.

భాష రాని గుమాస్తా

అంతకు ఏడాది ముందే, 2016లో 9.6 సంచికలో బయటివారికి తలుపు తెరుచుకుంది. అలెగ్జాండర్ కొరోత్కోవ్, మరికొందరు కలిసి దీన్ని సాధించారు. వారి ముందున్న చిక్కు ఇది. కూలిన తర్వాత పద్దులు చదవడానికి బయటివారి ప్రోగ్రామును పిలవవచ్చు గదా అనిపిస్తుంది. కాని ఏ ప్రోగ్రాము ఎక్కడుందో చెప్పే పట్టికలు డేటాబేస్‌లోనే ఉన్నాయి. ఆ డేటాబేస్ అప్పటికింకా లేచి నిలబడలేదు. తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టయింది! పైగా ఆ ప్రోగ్రాములో తప్పుంటే, ఒక్క సూచిక కోసం మొత్తం డేటాబేస్ లేవకుండా పోతుంది.

వారి ఉపాయం చాలా సులువైనది. తెలియని భాషలో ఉన్న కాగితాన్ని గుమాస్తా చదవలేడు. కాని గీతకు గీత చూసి నకలు తీయగలడు. అలాగే చిట్టాకు సూచిక అర్థం తెలియనక్కరలేదు. సూచిక రాసేవాడు మార్చవలసిన పుటకు ఒక నకలు తీసుకుని, మార్పులు నకలు మీద చేస్తాడు. అయిపోయాక పోస్ట్‌గ్రెస్ పాత పుటనూ నకలునూ పక్కపక్కన పెట్టి పోల్చి, ఎన్నో బైటు దగ్గర ఏ బైట్లు మారాయో చిట్టాలో రాస్తుంది. ఇలా ఒకే పద్దులో నాలుగు పుటల వరకు మార్చవచ్చు. చీలిన కొమ్మ ముక్కలన్నీ ఒకే పద్దులో పడతాయి కనుక అయితే అన్నీ ఎక్కుతాయి, లేకపోతే ఏదీ ఎక్కదు. లేచి నిలబడేటప్పుడు ఆ బైట్లను వాటి చోట అతికిస్తే చాలు. బయటి ప్రోగ్రాముతో పని లేదు.

పోల్చడానికి కొంత శ్రమ అదనం. అర్థం తెలిసి రాసిన పద్దు ఇంతకంటే పొదుపుగా ఉండవచ్చు. అది కావాలనేవారికి 2022లో 15వ సంచిక మరో దారి ఇచ్చింది. డేటాబేస్ లేవకముందే ఎక్కించుకోవలసిన ప్రోగ్రాముల జాబితాలో తమ పేరు ముందుగా రాయించుకుంటే, తమ పద్దులను తామే చదువుకోవచ్చు.

ఈ తలుపులోంచి ఎవరు వచ్చారు? 2021లో పీజీవెక్టర్ అనే అనుబంధం మొదలైంది. ఒక వాక్యం అర్థాన్నో, ఒక బొమ్మ పోలికనో వందల అంకెల వరసగా మార్చి, “దీనికి దగ్గరగా ఉన్నవి ఏవి?” అని వెతకడం దాని పని. కృత్రిమ మేధతో నడిచే కార్యక్రమాలకు ఈ వెతుకులాట ఎంతో అవసరం. దాని సూచికలు ఈ భాష రాని గుమాస్తా చేతనే చిట్టా రాయించుకుంటాయి. తలుపు చేసినవారికి ఆ అతిథి ఎవరో తెలియదు. తెలియనివారి కోసం చోటు ఉంచడమే వారి గొప్ప.

మీరూ చేసి చూడండి

రెండు నోటుపుస్తకాలు, ఒక పెన్సిలు, ఇద్దరు స్నేహితులు కావాలి. ఒక పుస్తకం చిట్టా. రెండోది ఆవర్జా, అందులో పదిమందికి పది పుటలు కేటాయించి, ప్రతి పుట పైన “0” అని రాయండి. మొదటి స్నేహితుడు జమలు, ఖర్చులు వరసగా చెబుతుంటే మీరు వరస సంఖ్యతో చిట్టాలో రాయండి. అప్పుడప్పుడు వాటిని ఆవర్జాకి ఎక్కించి, ఎక్కించిన పద్దు సంఖ్యను పుట పైన మార్చండి. స్నేహితుడు ఏ క్షణాన్నయినా “కరెంటు పోయింది!” అని అరవవచ్చు. వెంటనే పెన్సిలు పడేయాలి, సగం అంకె రాసినా సరే. ఇప్పుడు ఇదంతా చూడని రెండో స్నేహితుణ్ణి పిలిచి రెండు పుస్తకాలూ ఇవ్వండి. మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా అతను లెక్కలు సరిచేయగలగాలి.

తర్వాత పుట పైన సంఖ్యలు రాయకుండా ఇంకోసారి ఆడండి. ఎవరి ఖాతాలో డబ్బు రెండుసార్లు పడిందో చూడండి. మూడోసారి ఆవర్జా ముందు, చిట్టా తర్వాత రాస్తూ ఆడండి. ఈసారి మీ స్నేహితుడు ఎక్కడ చిక్కుకుంటాడు? ఎందుకు చిక్కుకుంటాడు? జవాబు మీరే ఆలోచించి చెప్పండి.